పన్ను లోపల బతికి ఉండే భాగం: డెంటిన్, పల్ప్ ఎలా పనిచేస్తాయి, ఎక్కడ దెబ్బతింటాయి

నోరు తెరిస్తే కనిపించే పంటి తెల్లటి పైపొరలో జీవకణం ఒక్కటీ ఉండదు. పింగాణి పొర అని పిలిచే ఈ ఎనామెల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. దాన్ని తయారుచేసిన కణాలు పన్ను చిగురు చీల్చుకుని వచ్చేటప్పటికే రాలిపోతాయి. అందుకే ఎనామెల్‌లో ఒకసారి పడిన గుంత తనంతట తాను పూడదు. పన్నుకు ఉన్న ప్రాణమంతా ఆ పొర కిందే ఉంటుంది: డెంటిన్‌లోనూ, దాని నడుమ గదిలో ఉండే మెత్తటి పల్ప్‌లోనూ. చల్లనీళ్లు తగిలితే ఎందుకు జివ్వుమంటుంది, పుచ్చుకు ఫిల్లింగ్ సరిపోతుందా, రూట్ కెనాల్ తప్పదా అన్న ప్రశ్నలన్నీ చివరికి ఈ రెండు కణజాలాల దగ్గరికే వచ్చి ఆగుతాయి.

రెండు అని చెప్పడం కూడా వివరించే సౌలభ్యం కోసమే. పిండదశలో ఈ రెండూ దంత పాపిల్లా అనే ఒకే కణసమూహం నుంచి పుడతాయి. డెంటిన్‌ను స్రవించే ఒడోంటోబ్లాస్టు కణాల శరీరాలు పల్ప్ అంచున వరుసగా నిలబడి ఉంటాయి. వాటి సన్నటి పోగులు డెంటిన్‌లోకి చొచ్చుకుపోయి ఉంటాయి. అంటే ఒకే కణం సగం ఇక్కడ, సగం అక్కడ బతుకుతోంది. దంతవైద్య గ్రంథాలు వీటిని కలిపి పల్ప్-డెంటిన్ కాంప్లెక్స్ అనడానికి కారణం ఇదే. డెంటిన్‌ను చెక్కితే పల్ప్‌కు తెలుస్తుంది, పల్ప్ చచ్చిపోతే డెంటిన్ ఇక తనను తాను కాపాడుకోలేదు. చికిత్సలో జరిగే పొరపాట్లు చాలావరకు ఈ బంధాన్ని మరచిపోవడం వల్ల జరిగేవే.

లోతును బట్టి మారే డెంటిన్

డెంటిన్ బరువులో సుమారు 70 శాతం ఖనిజం, 20 శాతం సేంద్రియ పదార్థం, 10 శాతం నీరు. ఖనిజం హైడ్రాక్సీఅపటైట్ స్ఫటికాల రూపంలో ఉంటుంది. సేంద్రియ భాగంలో దాదాపు తొంభై శాతం ఒకటో రకం కొల్లాజెన్ అనే ప్రోటీను పోగులు. కూర్పులో ఎముకకు దగ్గరగా ఉన్నా, ఎముకలో లాగా కణాలు గట్టి పదార్థంలో చిక్కుకుని ఉండవు, ఎముక లాగా ఎప్పటికప్పుడు అరిగి తిరిగి కట్టుకోవడమూ ఉండదు. ఒకసారి కట్టిన డెంటిన్ అలాగే ఉండిపోతుంది. కొత్తది చేరేది పల్ప్ వైపు నుంచి మాత్రమే.

ఈ కూర్పు పన్నుకు ఇచ్చే బలం ఏమిటో నమిలేటప్పుడు తెలుస్తుంది. ఎనామెల్ గట్టిదే కానీ పెళుసు. డెంటిన్ దానికంటే దాదాపు నాలుగింతలు తేలిగ్గా వంగి, ఒత్తిడి తీసేయగానే మళ్లీ యథాస్థితికి వస్తుంది. పైన ఉన్న ఎనామెల్ పగలకుండా ఉండేది కింద ఈ ఆసరా ఉన్నంతవరకే. పుచ్చు లోపల డెంటిన్‌ను తినేసినప్పుడు పైన బాగానే కనిపించే ఎనామెల్ గోడ ఓ వక్కపలుకు కొరకగానే విరిగిపడటం అందుకే.

డెంటిన్‌ను ప్రత్యేకంగా నిలబెట్టేవి దానిలోని సూక్ష్మనాళికలు. పల్ప్ అంచు నుంచి ఎనామెల్ సరిహద్దు దాకా, పన్ను పైభాగమైన దంతశిఖరంలో కాస్త మెలిక తిరుగుతూ ఇవి సాగుతాయి. ఎనామెల్ దగ్గర చదరపు మిల్లీమీటరుకు సుమారు 15,000 నుంచి 20,000 నాళికలు ఉంటాయి, ఒక్కోదాని వ్యాసం ఒక మైక్రాన్‌కు (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కాస్త తక్కువ. పల్ప్ దగ్గరికి వచ్చేసరికి అవే నాళికలు ఇరుకు చోట కుక్కుకుని చదరపు మిల్లీమీటరుకు 45,000 నుంచి 65,000 దాకా చేరతాయి, వ్యాసం రెండున్నర మైక్రాన్లు అవుతుంది. ఫలితంగా ఎనామెల్ సరిహద్దు దగ్గర అడ్డంగా కోసి చూస్తే నాళికల రంధ్రాలు ఆక్రమించే చోటు ఒక శాతమే ఉంటే, పల్ప్ పక్కన 22 శాతం ఉంటుంది.

ఈ ఒక్క లెక్క తెలిస్తే దంతవైద్యంలో చాలా సంగతులు అర్థమవుతాయి. పైపైన ఉన్న గుంత, లోతైన గుంత ఒకే పదార్థంలో చేసినవి కావు. లోతుకు పోయేకొద్దీ డెంటిన్ తడిగా, చిల్లులమయంగా మారుతుంది. అక్కడ బ్యాక్టీరియా విషాలు, ఫిల్లింగ్ పదార్థాల్లోని రసాయనాలు పల్ప్‌కు చేరడం ఎన్నో రెట్లు తేలిక. పంటికి అంటుకునే కాంపోజిట్ ఫిల్లింగ్ పట్టు లోతులో బలహీనపడేది కూడా ఇందుకే: అంటుకోవడానికి కావలసిన గట్టి కొల్లాజెన్ చోటు తక్కువ, అడుగునుంచి ఊరే ద్రవం ఎక్కువ. పైపై గుంతకు వాడిన పద్ధతినే లోతైన గుంతకూ వాడి, ఆనక పన్ను సలుపుతోందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

నాళిక లోపలి గోడకు ఆనుకుని ఇంకా గట్టి డెంటిన్ పొర ఒకటి ఉంటుంది, దానిలో కొల్లాజెన్ దాదాపు ఉండదు. వయసుతోపాటు, లేదా నెమ్మదిగా ముదిరే పుచ్చు ఎదుట, ఈ నాళికలు ఖనిజంతో పూడుకుపోయి డెంటిన్ గాజులా పారదర్శకమవుతుంది. ఇది రోగం కాదు, రక్షణ. ఇలా పూడిన చోట పోటు తగ్గుతుంది. వేరు కొస నుంచి పైకి పాకే ఈ పారదర్శకతను కూడా లెక్కలోకి తీసుకుని వయసు అంచనా కట్టే పద్ధతిని స్వీడన్‌కు చెందిన గుస్టాఫ్‌సన్ 1950లో ప్రతిపాదించాడు. అవశేషాల వయసు తేల్చాల్సిన ఫోరెన్సిక్ నిపుణులకు అది నేటికీ ఒక ఆధారం.

డెంటిన్ కట్టుబడిలో లోపాలూ ఉంటాయి. ఖనిజం మొదట చిన్న చిన్న గోళాలుగా చేరి, తర్వాత అవి ఒకదానితో ఒకటి కలిసి నిండుగా గట్టిపడాలి. పన్ను తయారయ్యే వయసులో విటమిన్ డి చాలకపోయినా, తాగే నీటిలో ఫ్లోరైడ్ మితిమీరినా ఆ గోళాల మధ్య గట్టిపడని సందులు మిగిలిపోతాయి. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను 1937లోనే గుర్తించారు. నల్గొండ గోడు ఆ తర్వాత దేశమంతా విన్నది. అక్కడి పళ్ల మీది గోధుమరంగు మచ్చలు ఎనామెల్‌వి కనుక కంటికి కనిపిస్తాయి, లోపల డెంటిన్‌లో జరిగిన లోపం కనిపించదు. ఎక్స్-లింక్డ్ హైపోఫాస్ఫటీమియా అనే వంశపారంపర్య రికెట్స్‌లో ఈ లోపం మరీ తీవ్రం. పల్ప్ కొమ్ములు, అంటే దాని పై మూలల్లో మొనదేలిన భాగాలు, ఎనామెల్ దాకా సాగి ఉంటాయి, డెంటిన్ నిండా చీలికలు. పుచ్చు లేని, దెబ్బ తగలని పాలపన్ను కింద చీముగడ్డ లేచిన పిల్లల్లో ఈ జబ్బును అనుమానించాలి.

ఒడోంటోబ్లాస్టులు, మూడు విడతల కట్టుబడి

ఒడోంటోబ్లాస్టు విభజన చెందదు. పన్ను ఏర్పడిన నాడు వరుసలో నిలబడ్డ కణమే, పల్ప్ బతికి ఉన్నంతకాలం పనిచేయాలి. వేరు పూర్తయ్యేదాకా అది రోజుకు సుమారు 4 మైక్రాన్ల చొప్పున డెంటిన్‌ను కడుతుంది. ఆ రోజువారీ గీతలు సూక్ష్మదర్శిని కింద చెట్టు కాండంలోని వలయాల్లా లెక్కపెట్టడానికి వీలుగా కనిపిస్తాయి. ఇది ప్రాథమిక డెంటిన్. వేరు కొస మూసుకున్నాక అదే కణం జీవితాంతం మందగించిన వేగంతో ద్వితీయ డెంటిన్‌ను కడుతూనే ఉంటుంది. ఏ వయసులో చూసినా కణానికీ గట్టిపడిన డెంటిన్‌కూ మధ్య 10 నుంచి 40 మైక్రాన్ల మేర ఇంకా గట్టిపడని ప్రీడెంటిన్ పొర ఉంటుంది. ఈ పొర చెక్కుచెదరనంత కాలం గట్టి కణజాలాన్ని కరిగించే కణాలు లోపలి నుంచి పన్నును తినలేవు. దెబ్బ తగిలి ఈ పొర చెదిరితే పన్ను లోపలి నుంచి కరగడం మొదలై, దంతశిఖరంలో గులాబీ మచ్చలా బయటపడుతుంది.

ద్వితీయ డెంటిన్ అన్ని వైపులా సమానంగా చేరదు. దవడ పళ్లలో గది కప్పుకూ అడుగుకూ ఎక్కువ చేరి, గది ఎత్తు తగ్గి చదునవుతుంది. అరవై దాటిన మనిషికి రూట్ కెనాల్ మొదలుపెట్టే డాక్టరు ఎక్స్‌రేలో గది లోతు ముందే కొలవకపోతే, కప్పు దాటగానే అడుగు తగిలి, వేళ్లు చీలే చోట చిల్లు పడే ప్రమాదం ఉంది. ఇరవై ఏళ్ల మనిషికి ఇది తలకిందులు. గది పెద్దది, పల్ప్ కొమ్ములు ఎత్తుగా ఉంటాయి. మొదటి దవడ పన్నులో బుగ్గవైపు ముందు మూల ఉండే కొమ్ము అన్నిటికంటే పైకి ఉంటుంది కనుక ఫిల్లింగ్ కోసం చెక్కేటప్పుడు ముందుగా బయటపడేది అదే.

మూడో విడత, దెబ్బకు జవాబుగా కట్టే తృతీయక డెంటిన్. ఇందులో రెండు తీరులు ఉన్నాయి. దెబ్బ తేలికదైతే పాత ఒడోంటోబ్లాస్టులే బతికి, ఆ చోట వేగం పెంచి అదనపు పొర కడతాయి. దెబ్బ తీవ్రమై అవి చచ్చిపోతే, పల్ప్ లోపలి మూలకణాలు అక్కడికి వచ్చి, ఒడోంటోబ్లాస్టుల్లాంటి కణాలుగా మారి మరమ్మతు డెంటిన్‌ను కట్టాలి. మొదటి తీరులో నాళికలు పాతవాటితో కలిసి ఉంటాయి. రెండో తీరులో కట్టిన పొర నాళికలు సరిగా లేకుండా, ఒక్కోసారి కణాలు లోపలే చిక్కుకుని ఎముకలా ఉంటుంది. దశాబ్దాలుగా వక్కా ఆకూ నమిలిన పెద్దవారి పళ్లు సగానికి అరిగి చదునైనా పోటు లేకుండా ఉండటం మొదటి తీరుకు మంచి ఉదాహరణ. అరుగుదల నెమ్మదిగా సాగింది, కణాలకు గడువు దొరికింది. అదే అరుగుదల ఇటుకపొడితోనో బొగ్గుతోనో చిగురు దగ్గర త్వరత్వరగా జరిగితే ఆ గడువు దొరకదు, పన్ను జివ్వుమంటుంది.

పల్ప్: అర మిల్లీలీటరు కూడా లేని కణజాలం

పెద్దవారి మొత్తం 32 పళ్లలోని పల్ప్ అంతా కలిపితే 0.38 ఘన సెంటీమీటర్లకు మించదు. ఒక్కో పన్నుకు సగటున 0.012. అంత చిన్న చోటులోనూ పొరల అమరిక స్పష్టం. బయట ఒడోంటోబ్లాస్టుల వరుస, దాని వెనుక సుమారు 40 మైక్రాన్ల మేర కణాలు అంతగా లేని పొర, ఆ వెనుక కణాలు దట్టంగా ఉన్న పొర, నడుమ పెద్ద రక్తనాళాలు, నరాల కట్టలు. మొత్తంలో మూడొంతుల వరకు నీరే. ఎక్కువ సంఖ్యలో ఉండే కణాలు కణజాలపు పోగులను తయారుచేసే ఫైబ్రోబ్లాస్టులు. వీటితోపాటు కాపలా కాసే రోగనిరోధక కణాలు ఒడోంటోబ్లాస్టుల పొర దగ్గరే మకాం వేసి, నాళికల గుండా వచ్చే పరాయి పదార్థాన్ని ముందుగా పసిగడతాయి. 2000లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు పెద్దవారి పల్ప్ నుంచే మూలకణాలను వేరుచేసి చూపారు. పల్ప్ మరమ్మతు చేసుకోగలదన్న నమ్మకానికి అక్కడ గట్టి ఆధారం దొరికింది.

రక్తప్రసరణే పల్ప్ బలం, బలహీనత కూడా. నూరు గ్రాముల కణజాలానికి నిమిషానికి 40 నుంచి 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. విశ్రాంతిగా ఉన్న కండరంతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. కానీ ఆ రక్తమంతా వేరు కొసన ఉన్న రంధ్రం గుండానే రావాలి, పోవాలి. పెద్దవారిలో ఆ రంధ్రం వెడల్పు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు. పక్కదారులుగా చిన్న చిన్న ఉపకాలువలు ఉన్నా అవి ఆదుకునేంతవి కావు. పైగా చుట్టూ ఉన్నది సాగని గట్టి గోడ. చర్మం మీద దెబ్బ తగిలితే వాచి చోటు చేసుకుంటుంది. పల్ప్‌కు ఆ వీలు లేదు. వాపు మొదలైన మూలలో పీడనం పెరిగి, సన్నటి సిరలు నొక్కుకుపోయి, ఆ ముక్క చచ్చిపోతుంది. ఒకప్పుడు వాపు రాగానే వేరు కొస దగ్గర రక్తనాళాలు ఒక్కసారిగా బిగుసుకుపోయి పల్ప్ మొత్తం పోతుందని అనుకునేవారు. ఇప్పుడు ఆ అభిప్రాయం నిలవలేదు. పీడనం పెరిగేది వాచిన చోటనే. పక్కనున్న కణజాలం రోజుల తరబడి, వారాల తరబడి ఆరోగ్యంగా ఉండగలదు. పుచ్చు కింది కొమ్ము కుళ్లినా వేళ్లలోని పల్ప్ బతికే ఉండవచ్చు. ఈనాటి పల్ప్‌ను కాపాడే చికిత్సలన్నీ నిలబడ్డది ఈ అవగాహన మీదే.

రక్తం ఇంత దట్టంగా ఉండటం వల్ల మరో ఉపయోగం చరిత్రకారులకు దక్కింది. మరణం నాటి రక్తంలోని క్రిముల జన్యుపదార్థం గట్టి గోడల మధ్య శతాబ్దాల తరబడి నిలిచి ఉంటుంది. ప్లేగుతో పోయినవారిగా భావించిన పాత అస్థిపంజరాల పంటి పల్ప్ నుంచి ప్లేగు బ్యాక్టీరియా ఆనవాళ్లను ఫ్రాన్స్ పరిశోధకులు 1998లో బయటపెట్టారు.

జివ్వుమనడం ఒకటి, సలపడం మరొకటి

పల్ప్‌లోకి రెండు రకాల నొప్పి నరాలు వస్తాయి. పైపొర ఉన్న ఎ-డెల్టా పోగులు ఒడోంటోబ్లాస్టుల కింద వలలా అల్లుకుని, కొన్ని నాళికల్లోకి పదో వంతు మిల్లీమీటరు మేర దూరతాయి. ఇవి మోసే నొప్పి చురుక్కున వచ్చి పోతుంది. పైపొర లేని సి-పోగులు లోపల ఉంటాయి, తేలిగ్గా రెచ్చిపోవు. వాపు ముదిరినప్పుడు ఇవి మోసే నొప్పి మొద్దుగా, సలుపుగా, ఎక్కడో తెలియకుండా ఉంటుంది.

ఎనామెల్‌లో నరాల్లేవు. నాళికల బయటి సగంలోనూ లేవు. అయినా ఐస్‌క్రీం తగలగానే జివ్వుమనడానికి స్వీడన్ పరిశోధకుడు మార్టిన్ బ్రాన్‌స్ట్రోమ్ 1960ల్లో ఇచ్చిన వివరణే నేటికీ నిలిచింది. నాళికలు ద్రవంతో నిండి ఉంటాయి. చల్లదనం తగిలితే ఆ ద్రవం కుంచించుకుని బయటివైపు కదులుతుంది. గాలి ఊదితే ఆవిరై బయటికి లాగబడుతుంది. చిక్కటి తీపి కూడా దాన్ని బయటికి పీలుస్తుంది. ఆ కదలిక లోపలి కొసన ఉన్న నరాన్ని కదిలిస్తుంది. వేడికి ద్రవం లోపలివైపు కదులుతుంది, దానికి నరం అంత చురుగ్గా స్పందించదు. అందుకే ఆరోగ్యమైన పల్ప్ ఉన్న పన్నుకు వేడి కాఫీ కంటే చల్లనీళ్లే ఎక్కువ బాధ. ఈ క్రమం తిరగబడి, వేడికి సలిపి, చల్లనీళ్లు పుక్కిలిస్తే ఊరట కలుగుతోందంటే పల్ప్ చావుకు దగ్గరపడిందని అర్థం.

జివ్వుమనే పళ్లకు అమ్మే పేస్టులు రెండు దారుల్లో పనిచేస్తాయి. స్టానస్ ఫ్లోరైడ్, స్ట్రాన్షియం, ఆర్జినిన్ ఉన్నవి నాళికల నోళ్లను పూడుస్తాయి. 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్నవి నరం రెచ్చిపోకుండా చూస్తాయి. పొటాషియం నాళికల గుండా లోపలికి చేరి పోగుపడాలి కనుక రోజుకు రెండుసార్లు వాడితే రెండు నుంచి నాలుగు వారాలకు గుణం కనిపిస్తుంది. నాలుగు రోజులు రుద్ది పనిచేయలేదని మానేయడం తొందరపాటు. నిమ్మరసం, సోడా తాగిన వెంటనే రుద్దడం వల్ల పూడిన నోళ్లు మళ్లీ తెరుచుకుంటాయి. నెల దాటినా ఒకే పన్ను జివ్వుమంటుంటే అది పేస్టుతో తీరే సమస్య కాదు, పుచ్చో పగులో ఉందేమో చూపించుకోవాలి.

పల్ప్‌లో చోటును తెలిపే నరాలు లేవు. అవి ఉండేది వేరు చుట్టూ ఉన్న స్నాయువులో. కాబట్టి మంట పల్ప్ లోపలే ఉన్నంతకాలం ఏ పన్నో రోగి సరిగా చెప్పలేడు. పైదవడ పన్ను నొప్పి కిందదవడలో, చెవి దగ్గర అనిపించవచ్చు. మధ్యగీత దాటి అవతలి పక్కకు మాత్రం పోదు. మంట వేరు కొస దాటి స్నాయువును తాకాక, కొరికితేనో తట్టితేనో ఆ పన్నే పట్టి ఇస్తుంది. రోగి చూపిన పన్నును పరీక్షించకుండా పీకేసి, నొప్పి అలాగే ఉండిపోయిన కేసుల వెనుక ఉన్నది ఈ అయోమయమే.

మంచి పరీక్షకు సమయం పెద్దగా పట్టదు. మొదట ఆరోగ్యంగా ఉన్న పక్క పన్నుకు, తర్వాత అనుమానమున్న పన్నుకు శీతల స్ప్రే పట్టించిన దూది తాకించాలి. తీయగానే నొప్పి పోతే పల్ప్ కోలుకునే దశలో ఉంది. అర నిమిషం దాటినా నిలిస్తే, కారణం లేకుండా దానంతటదే వస్తే, రాత్రి పడుకోగానే పెరిగితే మంట ముదిరింది. అసలు స్పందనే లేకపోతే పల్ప్ చచ్చిపోయి ఉండవచ్చు. ఉండవచ్చు అనే అనాలి, ఎందుకంటే ఈ పరీక్ష నరాన్ని చూస్తుంది, రక్తాన్ని కాదు. కిందపడి దెబ్బ తగిలిన ముందుపన్ను మూడు నెలల వరకు స్పందించకపోయినా బతికే ఉండే అవకాశం ఉంది. కొత్తగా వచ్చిన పళ్లలో ఎ-డెల్టా వల ఇంకా పూర్తిగా అల్లుకోదు కనుక పంటికి సన్నటి కరెంటు తాకించి చూసే విద్యుత్ పరీక్ష కూడా తప్పుదారి పట్టిస్తుంది. ఒక్క పరీక్ష మాట విని పల్ప్ తీసేయకూడదు.

పుచ్చు దిగేటప్పుడు

ఎనామెల్ కరగడం మొదలయ్యే పీహెచ్ (ఈ అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సుమారు 5.5. డెంటిన్ అంతకంటే తక్కువ ఆమ్లానికే, 6.2 నుంచి 6.7 మధ్యే కరుగుతుంది. చిగురు జారి వేరు బయటపడ్డ పెద్దవారిలో వేరు పుచ్చు త్వరగా రావడానికి ఇదొక కారణం. నమిలే పళ్ల మీది గాడుల్లో మొదలైన పుచ్చు ఎనామెల్‌ను సన్నటి నోటితో దాటి, సరిహద్దు చేరగానే పక్కలకు విస్తరిస్తుంది. అందుకే పైన ఆవగింజంత నల్ల చుక్క ఉన్నా లోపల పెద్ద గుల్ల ఉండవచ్చు.

డెంటిన్‌లో పుచ్చుకు రెండు మండలాలు. పైది బ్యాక్టీరియాతో నిండి, కొల్లాజెన్ కూడా శిథిలమై మెత్తగా ఉంటుంది. అది తిరిగి గట్టిపడదు, తీసేయాలి. కిందిదాంట్లో ఖనిజం పోయినా కొల్లాజెన్ చట్రం నిలిచే ఉంటుంది, బ్యాక్టీరియా తక్కువ. పైన గాలి చొరకుండా మూసేస్తే అది మళ్లీ గట్టిపడగలదు. లోతైన పుచ్చులో ప్రతి గోధుమరంగు పొరనూ గీకి పల్ప్‌ను బయటపెట్టడం కంటే, అంచుల్లో పూర్తిగా శుభ్రం చేసి, పల్ప్ మీద మాత్రం కొంత మెత్తటి డెంటిన్ వదిలి బిగువుగా మూయాలని యూరోపియన్ ఎండోడాంటిక్ సొసైటీ 2019లో చెప్పింది. అమెరికన్ ఎండోడాంటిస్టుల సంఘం 2021లో పుచ్చంతా తీసేయడం వైపే మొగ్గింది. తీసిన కొద్దీ పల్ప్ నిజస్థితి కళ్లతో చూడవచ్చన్నది వారి వాదన. నొప్పి లేని, స్పందన సరిగా ఉన్న పన్ను విషయంలో యూరప్ మాటే సాధారణ క్లినిక్‌కు క్షేమకరం. మైక్రోస్కోపు, మంచి సిమెంటు, అనుభవం ఉన్నచోట రెండో దారి కూడా ఫలిస్తుంది.

పల్ప్‌కూ గుంత అడుగుకూ మధ్య మిగిలిన డెంటిన్ మందమే అన్నిటికంటే మంచి మందు. అర మిల్లీమీటరు మిగిలితే విషపదార్థాల ప్రభావం నాలుగింట మూడొంతులు తగ్గుతుంది, ఒక మిల్లీమీటరు ఉంటే పదింట తొమ్మిదొంతులు. 2 మిల్లీమీటర్లు ఉంటే చాలా ఫిల్లింగుల కింద వేరే రక్షణ పొర అవసరమే పడదు. పావు మిల్లీమీటరుకు దిగితే ఒడోంటోబ్లాస్టులు చావడం మొదలవుతుంది.

చెక్కడం వల్ల పుట్టే వేడి రెండో ప్రమాదం. నిమిషానికి మూడు లక్షల దాకా తిరిగే డ్రిల్లు నీటి చల్లదనం లేకుండా డెంటిన్‌ను తాకితే పల్ప్ ఉడికిపోతుంది. కోతుల మీద 1965లో జరిగిన ప్రయోగంలో పల్ప్ ఉష్ణోగ్రత 5.5 డిగ్రీల సెల్సియస్ పెరిగితే చాలు, సుమారు 15 శాతం పళ్లు తిరిగి కోలుకోలేదు. క్యాప్ కోసం పన్నంతా చెక్కేటప్పుడు ఈ ముప్పు ఎక్కువ. అరిగిన బర్రు (డ్రిల్లు కొన), గట్టిగా అదిమే చేయి, మూసుకుపోయిన నీటి రంధ్రం, ఈ మూడింట్లో ఏ ఒక్కటున్నా నెలల తర్వాత ఆ క్యాప్ కింద పన్ను చచ్చి బయటపడుతుంది. చెక్కాక గాలితో గట్టిగా ఆరబెట్టడం కూడా హానే. ద్రవం వేగంగా బయటికి లాగబడి ఒడోంటోబ్లాస్టుల శరీరాలే నాళికల్లోకి ఈడ్చుకుపోతాయి.

ఇంట్లో వాడే లవంగ నూనెకు ఇక్కడ ఒక నియమం చెప్పాలి. దానిలోని యూజినాల్ డెంటిన్ గుండా కొద్దికొద్దిగా చేరినప్పుడు నొప్పిని, మంటను తగ్గిస్తుంది. పల్ప్ నేరుగా బయటపడి ఉంటే అదే యూజినాల్ కణాలను చంపుతుంది. రక్తం కనిపిస్తున్న గుంతలో లవంగ నూనె దూది కుక్కకూడదు.

పల్ప్ బయటపడితే

1965లో కకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగం ఈ అధ్యాయాన్ని మలుపు తిప్పింది. క్రిములే లేని వాతావరణంలో పెంచిన ఎలుకల పళ్లకు చిల్లు చేసి, పల్ప్‌ను తెరిచి వదిలేశారు. మేత, చెత్త ఇరుక్కున్నా వాటి పల్ప్ చావలేదు, చిల్లు మీద కొత్త డెంటిన్ వంతెన కట్టుకుంది. మామూలు ఎలుకల్లో పల్ప్ కుళ్లి చీముపట్టింది. పల్ప్‌ను చంపేది చిల్లు కాదు, బ్యాక్టీరియా. కాబట్టి చికిత్సలో అసలు సంగతి మూత బిగువు.

బయటపడిన పల్ప్‌ను కాపాడటానికి చాలాకాలం వాడింది కాల్షియం హైడ్రాక్సైడ్. దాని కింద వంతెన కడుతుంది కానీ అందులో సొరంగాల్లాంటి సందులు ఉంటాయి, మందు కాలక్రమంలో కరిగిపోతుంది. 1990ల్లో కాలిఫోర్నియాలోని లోమా లిండా విశ్వవిద్యాలయంలో తయారైన ఎంటీఏ, ఆ తర్వాత వచ్చిన బయోడెంటిన్ వంటి కాల్షియం సిలికేట్ సిమెంట్లు తడిలోనే గట్టిపడి, బిగువుగా మూస్తాయి. ఎంటీఏ గట్టిపడటానికి రెండున్నర గంటలకు పైనే పడుతుంది, బయోడెంటిన్‌కు సుమారు పన్నెండు నిమిషాలు. బిస్మత్ ఆక్సైడ్ కలిసిన ఎంటీఏ పన్నును నల్లబరుస్తుంది కనుక ముందుపళ్లకు అది లేని సిమెంటు ఎంచుకోవాలి.

పని క్రమం ఇలా ఉంటుంది. పన్ను చుట్టూ లాలాజలాన్ని ఆపే రబ్బరు తెర, అంటే రబ్బర్ డ్యామ్ వేయాలి. లాలాజలం చేరాక పల్ప్‌ను కాపాడటం మాటలకే మిగులుతుంది. పుచ్చును అంచుల్లో ముందు, పల్ప్ మీద చివర తీయాలి. పల్ప్ బయటపడితే కొత్త డైమండ్ బర్రుతో, నీరు పారుతూ ఉండగా, మంట ఉన్న పై 2 మిల్లీమీటర్లు కోసేయాలి. సోడియం హైపోక్లోరైట్‌లో తడిపిన దూదిని కొన్ని నిమిషాలు తేలిగ్గా ఉంచాలి. రక్తం ఆగితే మిగిలిన పల్ప్ ఆరోగ్యంగా ఉన్నట్టే. ఆగకపోతే మరికొంత, అవసరమైతే గదిలోని పల్ప్ అంతా వేళ్ల మొదళ్ల దాకా తీసి మళ్లీ చూడాలి. అక్కడా ఆగకపోతేనే రూట్ కెనాల్. రక్తం ఆగిన చోట 2 నుంచి 3 మిల్లీమీటర్ల మందాన సిమెంటు పెట్టి, వీలైతే అదే రోజు శాశ్వత ఫిల్లింగ్ వేయాలి. తాత్కాలిక మూతతో నెలలు గడిపితే క్రిములు మళ్లీ చేరతాయి, సిమెంటు ఎంత ఖరీదైనదైనా లాభం లేదు. ఆరు నెలలకు, ఏడాదికి శీతల పరీక్ష, ఎక్స్‌రే చూసుకోవాలి. గదిలోని పల్ప్ అంతా తీసిన పన్ను చల్లదనానికి స్పందించదు కనుక అక్కడ ఎక్స్‌రే, లక్షణాలే ఆధారం.

రూట్ కెనాల్ అయ్యాక పన్ను ఎండిపోయి పెళుసవుతుందనే మాట తరచూ వినిపిస్తుంది. డెంటిన్‌లో తేమ తేడా స్వల్పమే. పన్ను విరిగేది పుచ్చు, ఆపై చెక్కుడు కలిసి గోడల్ని పలచన చేయడం వల్ల. ఒత్తిడిని పసిగట్టే నరాలు పోవడం కూడా దీనికి తోడవుతుంది. కాబట్టి దవడ పన్నుకు క్యాప్ వేయించుకోవడం వాయిదా వేయదగ్గది కాదు.

పాలపళ్లు, మూసుకోని వేళ్లు

పాలపళ్లలో ఎనామెల్, డెంటిన్ శాశ్వతపళ్లలో ఉన్న మందంలో ఇంచుమించు సగమే. గది పెద్దది. పుచ్చు కనిపించిన నెలల్లోనే పల్ప్‌ను చేరుతుంది. గది అడుగున ఉపకాలువలు ఉంటాయి కనుక చీము వేరు కొసన కాకుండా వేళ్లు చీలే చోట, చిగురు మీద మొటిమలా లేస్తుంది. ఎక్స్‌రేలో కూడా ముందుగా అక్కడే చూడాలి.

ఆరేళ్లకు వచ్చే మొదటి దవడ పన్ను వేరు తొమ్మిది, పదేళ్లకు గానీ మూసుకోదు. ఏడెనిమిదేళ్లకు వచ్చే ముందుపన్నుదీ ఇంచుమించు అంతే. ఆ మధ్యకాలంలో పల్ప్ చచ్చిపోతే ఒడోంటోబ్లాస్టులు పోతాయి, వేరు అంతటితో ఆగిపోతుంది. గోడలు పలచగా, కొస బాకాలా తెరిచి ఉన్న ఆ పన్ను మామూలు దెబ్బకే చిగురు దగ్గర విరుగుతుంది. చిన్నపిల్లల పన్నులో పల్ప్‌ను ఎంత కొంచెమైనా బతికించాలన్న పట్టుదల అందుకే. వేరులో బతికి ఉన్న చిన్న ముక్క మిగిలినా అది వేరు నిర్మాణాన్ని పూర్తిచేయగలదు. తెరిచి ఉన్న కొస గుండా రక్తం బాగా అందుతుంది కనుక, పెద్దవారిలో పనికిరాదనుకునే పల్ప్ కూడా పిల్లల్లో కోలుకుంటుంది.

పల్ప్ పూర్తిగా చచ్చిపోయాక కూడా, కాలువను క్రిమిరహితం చేసి, వేరు కొస దాటి సూదితో తాకి రక్తాన్ని లోపలికి రప్పించి, ఆ రక్తపు గడ్డ మీద సిమెంటుతో మూసే పద్ధతి 2000ల మొదట్లో వచ్చింది. ఖనిజాన్ని కరిగించే 17 శాతం ఈడీటీఏ ద్రావణంతో గోడల్ని కడిగితే డెంటిన్‌లో దాగి ఉన్న వృద్ధి కారకాలు విడుదలై మూలకణాలను పిలుస్తాయి. ఈ పద్ధతిలో వేరు పొడుగు పెరిగిన, కొస మూసుకున్న కేసులు చాలా ఉన్నాయి. అయితే ఆ పళ్లను సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తే గోడల మీద చేరింది ఎక్కువగా సిమెంటమ్ (వేరును పైన కప్పే గట్టి పొర), ఎముకల్లాంటి కణజాలం. నాళికలతో కూడిన డెంటిన్ గానీ, ఒడోంటోబ్లాస్టుల వరుస గానీ సాధారణంగా కనిపించలేదు.